మొరిగే కుక్కపై ఫిర్యాదు ముందు చేరాల్సింది యజమానికే

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు కుక్కల అరుపుల మీద ఇరుగుపొరుగువారి తగాదాలు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లిన వార్తలు తరచూ చదువుతున్నాం. మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని కాబట్టి ఇలాంటి ఫిర్యాదులు మొదట నా దగ్గరికే వస్తాయి. ఇరుపక్షాలూ చెప్పేది వినీ వినీ నాకు బోధపడిన సంగతి ఒకటి పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

"అంత గోల వాళ్లకు వినబడదా?" అని ఫిర్యాదు చేసేవారు అడుగుతుంటారు. చాలాసార్లు నిజంగానే వినబడదు. ఒంటరిగా ఉండలేని కుక్క యజమాని తలుపు వేసుకుని వెళ్లిన కాసేపటికే మొరగడం మొదలుపెడుతుంది. ఆయన తిరిగొస్తున్న అలికిడి తెలియగానే ఆపేసి తోక ఊపుతూ ఎదురొస్తుంది. కాబట్టి "మా కుక్క నోరెత్తదండీ" అని ఆయన అన్నప్పుడు అందులో అబద్ధం లేదు. పొద్దస్తమానం చెవులు చిల్లులు పడుతున్నాయని పక్కింటావిడ అన్నా అదీ అబద్ధం కాదు. ఇద్దరూ ఉన్నమాటే చెబుతూ ఎదుటివారిది బుకాయింపు అనుకుంటారు. తగాదా మొదలయ్యేది ఇక్కడే.

అందుకని ఫిర్యాదు ముందుగా యజమానికి, అదీ సమాచారంగా చేరాలి. అరుపు ఏ వేళకు మొదలైంది, ఎంతసేపు సాగింది అన్నది కొన్నాళ్లు కాగితం మీద రాసిపెట్టి, వీలైతే ఫోన్‌లో రికార్డు చేసి, నేరుగా ఆయన చేతికివ్వాలి. నివాసులందరూ ఉన్న గ్రూపులో పెట్టి నిలదీస్తే ఆయన కుక్క సంగతి వదిలేసి పరువు కాపాడుకునే పనిలో పడతారు. యజమానులు కూడా ఆ కాగితాన్ని నిందగా తీసుకోకూడదు. బయటికెళ్లేటప్పుడు ఇంట్లో ఒక ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి వెళ్తే నిజానిజాలు వారికే తెలుస్తాయి.

ఆ వేళలను బట్టి కారణం కూడా చాలావరకు దొరుకుతుంది. యజమాని వెళ్లగానే మొదలైతే ఒంటరితనపు భయం కావచ్చు. మెట్ల మీద జనం తిరిగే వేళల్లోనే అయితే కాపలా అరుపు. ముసలి కుక్క కొత్తగా రాత్రిళ్లు మొరుగుతుంటే నొప్పో, వినికిడి తగ్గడమో, మనుషుల్లో మతిమరుపు లాంటి వయసు జబ్బో ఉండే అవకాశముంది. దాన్ని ముందు పశువైద్యుడికి చూపించాలి.

ఫిర్యాదు చేసేవారిని ఓర్వలేనివాళ్లుగా జమకట్టడం అన్యాయం. రాత్రివేళ పడకగదిలో శబ్దం సగటున 30 డెసిబెల్స్, ఏ ఒక్క చప్పుడూ 45 డెసిబెల్స్ దాటకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. 2012లో ఆస్ట్రేలియాలో చార్లీ అనే గోల్డెన్ రిట్రీవర్ అరుపు 113.1 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డుకెక్కింది. అది రికార్డు కాబట్టి పక్కన పెడదాం. మామూలు కుక్క అరుపు కూడా గోడ దాటి వచ్చి నిద్ర చెడగొట్టడానికి చాలు. పసిబిడ్డ తల్లికీ, రోగికీ, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవారికీ అది నిజమైన బాధ.

కుక్కది మొండితనం అనుకోవడం కూడా పొరపాటే. దారినపోయే మనిషిని చూసి మొరుగుతుంది, ఆ మనిషి తన దారిన వెళ్లిపోతాడు. తన అరుపుకే పారిపోయాడని కుక్క లెక్క! రోజూ అలాగే జరుగుతుంటే ఆ అలవాటు గట్టిపడుతుంది. కిటికీకి తెర వేసి, బాల్కనీలో వదలడం మానేస్తేనే చాలా ఇళ్లలో సగం గోల సద్దుమణుగుతుంది. "నోర్మూయ్" అని యజమాని కేకలేస్తే తనతో పాటు ఆయనా అరుస్తున్నాడనుకుని కుక్క మరింత రెచ్చిపోతుంది.

మన దృష్టి తన మీద పడాలని అరిచే కుక్క విషయంలో పొరుగువారు తెలుసుకోవాల్సింది ఒకటుంది. దాన్ని పట్టించుకోకుండా ఉండటం మొదలుపెట్టిన తొలి రోజుల్లో అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం కదా, ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా అప్పుడే పక్కింటివాళ్ల ఓపిక నశించి తలుపు కొడతారు, యజమాని కుక్కకు లొంగిపోతారు, ఇంకా ఎక్కువ అరిస్తేనే పనవుతుందని అది నేర్చుకుంటుంది. "శిక్షణ మొదలుపెట్టాం, కొన్ని రోజులు గోల పెరగొచ్చు, ఓర్చుకోండి" అని ముందే చెబితే ఇరుగుపొరుగువారు అర్థం చేసుకుంటారు. ఒంటరితనానికి బెదిరి అరిచే కుక్కకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, వదిలేస్తే దాని భయం ముదురుతుంది. కొన్ని క్షణాల ఎడబాటుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతూ అలవాటు చేయాలి. అవసరమైతే పశువైద్యులు మందులూ ఇస్తారు.

ఫిర్యాదుల ఒత్తిడికి తట్టుకోలేక కొందరు కరెంటు షాకిచ్చే పట్టీలు కొంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వేల్స్ దేశం 2010లోనే వాటిని నిషేధించింది. గొంతు తంతువులు కోయించడం మరీ దారుణం. వైద్యపరమైన అవసరం లేకుండా అలాంటి శస్త్రచికిత్సలు చేయకూడదని 1987 నాటి యూరప్ ఒప్పందం చెబుతోంది. గొంతు నొక్కేసినంత మాత్రాన భయం పోదు, అది మనకు వినబడదంతే.

నివాసుల సంఘాలు తమ నియమావళిలో ఈ క్రమాన్ని చేర్చుకోవాలని నా విజ్ఞప్తి. మొదట వేళలతో కూడిన కాగితం యజమానికి, తర్వాత వైద్యుడి సలహాకూ శిక్షణకూ తగినంత గడువు, ఆ గడువులో రెండు ఇళ్లతోనూ మాట్లాడే మధ్యవర్తి ఒకరు. ఇంత చేసినా యజమాని పెడచెవిన పెడితే అధికారుల దగ్గరికి వెళ్లే హక్కు పొరుగువారికి పూర్తిగా ఉంది, అప్పుడు సంఘం వారి పక్షాన నిలబడాలి. కుక్కలకు లైసెన్సులిచ్చే పురపాలక సంస్థలు టీకాల వివరాలతో పాటు అరుపు గురించి కూడా ఒక పేజీ అచ్చువేసి ఇస్తే ఎన్నో తగాదాలు పుట్టకముందే ఆగుతాయి. మీ పత్రిక కూడా పశువైద్యులతో ఈ విషయంపై ఒక శీర్షిక నడిపి పాఠకుల సందేహాలకు జవాబులు ఇప్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నివాసుల సంఘం కార్యదర్శి