ఏరేటర్ బండికి పిన్నుతో పాటు గొలుసూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పద్నాలుగేళ్లుగా విశాఖలో ఆటస్థలాల్లో గడ్డి పెంచే పని చేస్తున్నాను. తొక్కుడుకు గట్టిపడిన నేలలో రంధ్రాలు చేసి, వేళ్లకు గాలీ నీరూ అందించే ఏరేటర్‌ను ట్రాక్టర్ వెనక కట్టి మైదానం నుంచి మైదానానికి లాక్కెళ్తుంటాం. మొన్న హనుమంతవాక దగ్గర పల్లంలోకి దిగుతుంటే బండిని ట్రాక్టర్‌కు కలిపే హిచ్ పిన్ను పైకి లేచి ఊడిపోయింది. అది ఊడకుండా పట్టే క్లిప్పు లేదు, ఎవరో కట్టుతీగ చుట్టి వదిలేశారు. ట్రాక్టర్‌కూ బండికీ మధ్య నేను పట్టుబట్టి వేయించిన గొలుసు బండిని ఆపింది. వెనకాలే స్కూటర్ మీద తల్లీబిడ్డలు వస్తున్నారు. ఆ టెన్షన్ నాకింకా పోలేదు.

రోడ్డెక్కే ముందు రంధ్రాలు చేసే ఇనుప పళ్లు పూర్తిగా పైకెత్తి లాక్ వేయాలి, అవి నేలలో దిగడానికి బండి మీద పెట్టిన బరువులు దించేయాలి, నెమ్మదిగా లాగాలి. మైదానంలో పళ్లు నేలలో ఉండగా మలుపు తిప్పితే అవి వంగుతాయి, గడ్డి చిరుగుతుంది. మన ఊరి ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. పని అవగానే బోలు పళ్లలో ఇరుక్కున్న మట్టిని పొడిచి తీసి, కడిగి ఆరబెట్టి, బేరింగులకు గ్రీజు పెట్టాలి.

అద్దెకిచ్చేవాళ్లకు నా మనవి: క్లిప్పు, గొలుసు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకుండా బండిని గేటు దాటించకండి. ట్రాక్టర్ నడిపే కుర్రాళ్లకు అవన్నీ చూసుకునేంత టైమ్ ఇవ్వండి.

– ఒక మైదానం పనివాడు, మద్దిలపాలెం, విశాఖపట్నం