వాన కాలువలో పోసింది చెరువుకే చేరుతుంది

అయ్యా,

మా వీధిలో ఇల్లు కడుతున్నవాళ్లు మొన్న సాయంత్రం సిమెంటు కలిపిన తొట్టెను వాన కాలువ జాలీ మీదే కడిగేశారు. బూడిద రంగు నీళ్లు చువ్వల సందుల్లోంచి జారిపోయాయి. పొద్దున్నే చూస్తే కాలువ అడుగున ఆ పూత రాయిలా గట్టిపడి ఉంది. పారతో గీకినా ఊడి రాలేదు.

జాలీలో పడ్డదంతా ఎక్కడో శుద్ధి అవుతుందని చాలామంది నమ్మకం. వాన నీటికి వేరే కాలువలున్న చోట సాధారణంగా అలా జరగదు. పాత ఇంజిన్ ఆయిల్ అయినా, పెయింటు కడిగిన నీళ్లయినా నేరుగా చెరువుకో వాగుకో పోతాయి. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, టైర్ల పొడి మొదటి వానకే కొట్టుకొస్తాయి. దానికి మనం చేతులారా ఇంకా కలపడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీళ్లు. వాకిలంతా సిమెంటు చేసేస్తే అవి నేలలోకి ఇంకే దారే ఉండదు, ఒక్కసారిగా కాలువ మీద పడతాయి.

అందుకే ఇంటి ప్లాన్‌కు అనుమతిచ్చేటప్పుడే ఇంకుడు గుంత, కొంత మట్టి నేల, సిమెంటు తొట్టెలు, పనిముట్లు కడగడానికి విడిగా ఒక గుంట తప్పనిసరి చేయాలి. ఇసుక కుప్పల చుట్టూ అడ్డుకట్ట ఉండాలి. కాగితం మీద రాస్తే చాలదు, వానలకు ముందే వచ్చి చూడాలి. మురుగు పైపును వాన కాలువలో కలిపినవాళ్లకు నోటీసిచ్చి, వినకపోతే కనెక్షన్ తీసేయాలి. ఇంకో మాట: పూడిక తీసి గట్టు మీదే వదిలేస్తున్నారు. మర్నాడు వానొస్తే అదంతా మళ్లీ కాలువలోకే. దాన్ని ఆ రోజే లారీకెత్తించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు