జ్వరం వచ్చిన రాత్రి మేం ఎక్కడికి వెళ్లాలి సార్?

తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

మా ఏడేళ్ల బాబుకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. వైద్యం రెండేళ్లు దాటుతుందన్నారు, ఇప్పటికి 14 నెలలైంది. ఆరోగ్యశ్రీ లేకపోతే వాడు మాకు దక్కేవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సులో నాకు ఉచితం, వాడికి అర టికెట్, మా ఆయనకి ఫుల్ టికెట్, పైగా కూలి పోతుంది.

మొన్న రాత్రి పదకొండింటికి వాడి ఒళ్లు కాలిపోయింది. థర్మామీటర్‌లో 102. కీమో, అంటే క్యాన్సర్ మందులు ఎక్కే పిల్లలకి తెల్లరక్తకణాలు పడిపోతాయి, ఇన్ఫెక్షన్‌ని తట్టుకోలేరు, అందుకే జ్వరమొస్తే గంటలోపే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలని మాకు చెప్పారు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఫైలైనా తెరవకుండా 'హైదరాబాద్ తీసుకెళ్లండి' అన్నారు. దారంతా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నా. నిర్మల్ రాగానే "అమ్మా, వచ్చేశామా?" అని అడిగాడు.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ పిల్లలకి యాంటీబయాటిక్ మొదటి డోసు వేసి, అంబులెన్సులో పంపే ఏర్పాటు చేయండి. హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రుల దగ్గర మాలాంటి వాళ్లకి గదులు, వండుకోవడానికి పొయ్యి ఇప్పించండి. బయట తిండి వాడికి పడదు. వచ్చే మంగళవారం మళ్లీ కీమోకి వస్తున్నాం సార్.

ఆదిలాబాద్ నుంచి ఒక తల్లి