డీడీలో మ్యాచ్ వస్తుందని చెప్పి చందా కట్టించుకోవడంపై ఫిర్యాదు

తెనాలి,
3 జూలై 2024.

కేబుల్ సంస్థ మేనేజర్ గారికి,

అయ్యా,

నేను పదకొండేళ్లుగా మీ చందాదారుణ్ణి. గత ఏప్రిల్‌లో కేబుల్ మానేసి, నెలనెలా చందా లేని దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ పెట్టించుకుందామనుకుంటుండగా, వసూలుకు వచ్చిన మీ ప్రతినిధి, "డీడీ స్పోర్ట్స్ మన కేబుల్లోనూ వస్తుంది కదా మాస్టారూ, ఇండియా మ్యాచ్‌లు అందులోనే చూడొచ్చు" అని నమ్మబలికి, అదే మాట అచ్చేసిన కరపత్రం చేతిలో పెట్టి, ఏడాది చందా ఒకేసారి కట్టించుకున్నారు.

జూన్ 29 రాత్రి టీ20 ప్రపంచ కప్ ఫైనల్‌కు మీరు చెప్పిన ఛానలే పెట్టుకుని కూర్చుంటే, అందులో ఎప్పటిదో పాత పోటీ రికార్డింగు నడుస్తున్నది. ఫ్రీ డిష్ ఉన్న పక్కింట్లో అదే ఛానల్లో ఫైనల్ వస్తున్నది. చివరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ యాదవ్ బౌండరీ దగ్గర దక్షిణాఫ్రికా బ్యాటర్ మిల్లర్ క్యాచ్ పట్టిన సంగతి గోడ అవతలి కేకలతోనే మాకు తెలిసింది.

2007 జనవరిలో వెస్టిండీస్ పర్యటనప్పుడు ప్రసార హక్కుల తగాదా హైకోర్టుకెక్కి, దూరదర్శన్ ఏడు నిమిషాలు ఆలస్యంగా మ్యాచ్ చూపవలసి వచ్చింది. ఆ తరువాతే కేంద్ర ప్రభుత్వం మొదట ఆర్డినెన్సు, మార్చిలో చట్టం తెచ్చి, జాతీయ ప్రాధాన్యం గల పోటీల ప్రత్యక్ష సిగ్నల్‌ను ప్రకటనలు లేకుండా, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇచ్చితీరాలని హక్కుదారులను కట్టడి చేసింది. అయితే ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత భూతల (ఇంటి యాంటెనాకు అందే) ప్రసారంలోనూ ఫ్రీ డిష్‌లోనూ తప్ప కేబుల్ ద్వారా ఇవ్వకూడదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తేల్చింది. సామాన్యుడి కోసం తెచ్చిన చట్టం కేబుల్ ఉన్న ఇంటి గడప దగ్గరే ఆగిపోవడం నాకు మింగుడుపడని విషయమే గాని, అది మీతో తేల్చుకునేది కాదు. మ్యాచ్ చూపలేదని మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. చూపే వీలు లేదని ఏడేళ్లుగా తెలిసి ఉండీ, వస్తుందని అచ్చువేసి మరీ డబ్బు తీసుకున్నారన్నదే నా ఫిర్యాదు. పైగా మర్నాడు ఫోన్ చేస్తే, "స్పోర్ట్స్ ప్యాకేజీ వేయమంటారా" అని అడిగారు.

కాబట్టి మిగిలిన తొమ్మిది నెలల చందా తిరిగి ఇప్పించి, ఆ కరపత్రాన్ని వెంటనే ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులపై అప్పీళ్లు వినే మీ నోడల్ అధికారికీ, అక్కడా తేలకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ రాస్తాను. కరపత్రం, రసీదుల నకళ్లు జతపరిచాను.

ఇట్లు,
మీ చందాదారుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు