తేలు కాటు: నొప్పి కాదు, చెమట చూడండి

సంపాదకులకు నమస్కారం.

చెనక్కాయ చెట్లు పీకేటప్పుడు, కట్టెల మోపు ఎత్తేటప్పుడు, గోడవార రాళ్లు కదిపేటప్పుడు మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో తేలు కుట్టడం మామూలే. అందరూ భయపడేది మండ్రగబ్బకు. అది నల్లగా, పెద్దగా ఉంటుంది గానీ, దాని కాటు చాలామటుకు మంట, వాపుతోనే పోతుంది. ప్రాణం తీసేది రెండు మూడు అంగుళాల ఎర్రతేలు. దాని ముందరి పట్టుకాళ్లు సన్నగా, తోక లావుగా ఉంటాయి.

పిల్ల నొప్పితో గోల పెడుతూ, ఒళ్లు వెచ్చగా ఉంటే గాభరా పడనక్కర్లేదు. నొప్పి పెద్దగా లేకపోయినా వాంతులు, ఒళ్లంతా చెమట, చొంగ, గుండె దడ మొదలైతే భయపడాలి. అరికాళ్లు, చేతివేళ్లు పట్టుకుని చూడండి. నుదుట చెమట కారుతూ కాళ్లు మంచులా చల్లబడితే విషం ఒంటికి ఎక్కినట్టే. మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోతుంది. ఇది చెప్పడానికి సిగ్గుపడొద్దు, డాక్టరుకు గట్టి ఆనవాలు అదే. విషం నరాలను రెచ్చగొట్టడంతో ఆడ్రినలిన్ లాంటి రసాయనాలు రక్తంలోకి పొంగుతాయి. రక్తనాళాలు బిగుసుకుని, గుండె అలసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దగ్గులో గులాబీ రంగు నురగ కనబడితే ప్రతి నిమిషం విలువైనదే. ఇదంతా అరగంట నుంచి కొన్ని గంటల్లోపే జరగవచ్చు.

అందుకే పిల్లలకు లక్షణాలున్నా లేకున్నా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి, ఒక రోజు అక్కడే గమనిస్తారు. ఈలోగా కుట్టిన చోట సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టే తీసుకెళ్లండి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, సున్నం రాయడం వద్దు. వాంతులవుతున్న పిల్ల నోట్లో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుట్టిన సమయం కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.

దీనికి మందు ప్రజోసిన్. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ మాత్రను వాడి చూపించాక తేలు కాటు మరణాలు బాగా తగ్గాయి. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మోతాదు కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు. అంటే 16, 17 కిలోల పిల్లకు 1 ఎంజీ మాత్రలో సగం. చేతులు కాళ్లు వెచ్చబడేదాకా మూడు గంటలకోసారి మళ్లీ ఇస్తారు. నెమ్మదిగా కరిగే రకం మాత్ర ఇక్కడ పనికిరాదు. మొదటి మాత్రకు బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి పిల్లను లేపి నడిపించకూడదు. ఇంట్లో సొంతంగా అస్సలు వేయకూడదు.

తేలు విషానికి విరుగుడు సూది వేరే ఉంది. ప్రజోసిన్‌తో పాటు దాన్నీ ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారు. పాముకాటు సూది దీనికి పనిచేయదు. అలర్జీ, స్టెరాయిడ్ సూదులు వేసి ఇంటికి పంపితే విలువైన గంటలు పోతాయి. అట్రోపిన్ ముప్పు పెంచుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు సెలైన్ గబగబా ఎక్కించడమూ అంతే.

ప్రజోసిన్ ఖరీదైన మందు కాదు, బీపీకి వాడే మాత్రే. చెనక్కాయ కోతలకు ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, రాత్రి డ్యూటీ నర్సు చేతికి అందేలా, బరువును బట్టి మోతాదు పట్టికతో సహా ఈ మాత్రలు ఉంచాలని రెండు జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాం.

– గ్రామీణ వైద్య సిబ్బంది, చిత్తూరు