పాకం సంగతి

హైదరాబాద్,
ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర

ఒరేయ్ శ్రీనూ,

తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, కాజాల డబ్బా అందిందని కూడా రాయలేదు. అందింది. రెండు రోజుల్లో ఖాళీ. అడుగున మిగిలిన పాకం మా చిన్నది వేలితో నాకేసింది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగా కనిపిస్తోంది, దాంతో ఇంట్లో దుమ్ము మీద కొత్త గొడవ మొదలైంది. మా ఎదురింటి కుర్రాడు రాత్రి బస్సుకి మండపేట వస్తున్నాడు. ఆరింటికల్లా ఈ ఉత్తరం వాడి చేతిలో పెట్టాలి. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను ఆపేస్తాను. ఇది ఆపకుండా చెప్పాలి. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, మీ చెల్లెలికి సగమే చెప్పాను.

గోదావరి పక్క ఒక గ్యాస్ ప్లాంటుకి మా ఆఫీసు సలహాలిస్తుందని చెప్పాను కదా. పేరు వద్దులే. బావిలోంచి వచ్చే గ్యాస్ తడిగా ఉంటుంది. ఆ తడి తీయకుండా పైపులైన్లోకి వదిలితే, ఆ ఒత్తిడికి నీళ్ళూ మీథేనూ కలిసి మంచుగడ్డలాంటిది కడుతుంది, పది డిగ్రీల పైన కూడా. కాలేజీలో టైగర్ సార్ బోర్డు మీద 'హైడ్రేట్' అని రాసి నిన్ను లేపితే, "కార్బోహైడ్రేటా సార్?" అన్నావే, అదే. మిఠాయి కొట్టు వాడి కొడుకువి, ఇంకేం అంటావు!

ఆ తడి తీసేది ట్రైఇథిలీన్ గ్లైకాల్ అనే జిగట ద్రవం, మేం గ్లైకాల్ అంటాం. పొడవాటి టవర్లో గ్యాస్ కింద నుంచి పైకి వెళ్తుంది, గ్లైకాల్ పై నుంచి కిందకి దిగుతూ దాని తడి పీల్చుకుంటుంది. తడిసిన గ్లైకాల్‌ని మళ్ళీ కాచి నీళ్ళు వెళ్ళగొట్టి తిరిగి టవర్ పైకి పంపుతారు. కాచేది రీబాయిలర్. మన బ్యాచ్ వాళ్ళు నువ్వు కెమికల్ చదివి కాజాలు వేస్తున్నావని ఏడిపిస్తారు గానీ, అది మీ పాకం బాణలే రా. నీళ్ళు ఎగిరే కొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుందా లేదా? మీ నాన్నగారు రెండు వేళ్ళ మధ్య తీగ సాగదీసి చెబుతారు, మేం థర్మామీటర్ చూసి చెబుతాం. మామూలు గాలి ఒత్తిడిలో గ్లైకాల్ 204 డిగ్రీల దగ్గర మరుగుతోందంటే అందులో ఇంకా ఒకటింపావు శాతం నీళ్ళు మిగిలినట్టు. ఇంకా ఆరబెట్టాలంటే కాస్త పొడి గ్యాస్ అందులోకి ఊదాలి. అంతేగానీ మంట పెంచకూడదు, 206 దాటితే మాడుతుంది.

ఇక అసలు సంగతి. ఆగస్టులో అక్కడి షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. బయటికొచ్చే గ్యాస్‌లో తడి లిమిట్ దాటుతోందట. ఎంత దాటుతోందంటే, గ్యాస్ తీసుకునేవాళ్ళు సరఫరా ఆపేస్తామని లెటర్ పెట్టేంత. రీబాయిలర్ ఎంత ఉందయ్యా అంటే, "204 సార్, గీత గీసినట్టుంది" అన్నాడు. మరి గ్లైకాల్ పొడిగానే ఉండాలి కదా? అయినా గ్యాస్ తడిగా వస్తోంది. మా పెద్దాయన మీటింగులో ఒక్క మాటలో తేల్చేశాడు: "ఫోమింగ్. యాంటీఫోమ్ పోయండి." అంటే టవర్లో గ్లైకాల్ నురుగు కడుతోందని, నురుగు విరిచే మందు పోయమని. ఆయనకి ఏదైనా ఫోమింగే. ఆయన కాఫీలో కూడా ఫోమింగే. పోశారు. ఏమీ మారలేదు.

నాకు ఒకచోట అనుమానం కొట్టింది. రీబాయిలర్ నుంచి వేడిగా వచ్చే పొడి గ్లైకాల్, టవర్ నుంచి చల్లగా వచ్చే తడి గ్లైకాల్ ఒక ఎక్స్ఛేంజర్లో పక్కపక్కనే పోతూ వేడి మార్చుకుంటాయి. తడిదాని వైపు నాలుగు బార్ల ఒత్తిడి. పొడిదాని వైపు ఒత్తిడి దాదాపు ఏమీ లేదు. మధ్యలో ట్యూబుకి సూదిమొనంత బెజ్జం పడితే చాలు, తడిది పొడిదాన్లోకి చిమ్ముతుంది. రీబాయిలర్లో 204 చూపిస్తూనే ఉంటుంది, అక్కడంతా సవ్యమే కాబట్టి. బాణలిలో పాకం సరిగ్గా వచ్చాక, కొట్టు కుర్రాడు పక్కనుంచి చెంబుడు నీళ్ళు పోస్తే మీ నాన్నగారికి ఎలా తెలుస్తుంది?

రెండు శాంపిళ్ళు తీస్తే తేలిపోతుంది. ఒకటి ఎక్స్ఛేంజర్‌కి ముందు, ఒకటి తర్వాత, పంపు దగ్గర. రెంటిలో నీళ్ళు ఒకటేగా ఉంటే నేను వెధవని, తేడా ఉంటే బెజ్జం. అయితే ప్లాంటులో తేమ కొలిచే మిషన్‌కి రసాయనం అయిపోయి మూడు వారాలైందట, కొనుగోలు ఫైలు ఎవరి టేబుల్ మీదో ఉంది. శాంపిళ్ళు నైట్ బస్సులో ఇక్కడికి పంపమన్నాను.

పొద్దున్నే ఐదింటికి మియాపూర్‌లో వర్షంలో నిలబడ్డాను. డ్రైవర్ సీటు కింద నుంచి ఒక క్యారీబ్యాగు తీసి ఇచ్చాడు. అందులో ఏమున్నాయనుకున్నావ్? రెండు తాగే నీళ్ళ సీసాలు. సగం సగం నింపారు. ఒకదాని మూత సగమే తిప్పారు, దారంతా కారి బ్యాగు జిగట. వేరే ద్రవమైతే ఏమో అనుకోవచ్చు. గ్లైకాల్ బతుకే తేమ పీల్చుకోవడం కదా! రాత్రంతా గాలిలో తేమ తాగుతూ వచ్చింది. ఆ కోపంలో అక్కడే రెండు చాయ్‌లు తాగాను, మూడో ఉస్మానియా బిస్కెట్ కూడా. అయినా ఆశ చావక బాలానగర్‌లో ఒక ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. రెంటిలోనూ నాలుగు శాతం పైన నీళ్ళు. పనికిరాని లెక్క.

మళ్ళీ ఫోన్. ఈసారి గాజు సీసాలు, మెడదాకా నింపాలి, మూత బిగించి టేపు చుట్టాలి, వేడిది తీసేటప్పుడు రాగి గొట్టం బకెట్ నీళ్ళలో ముంచి చల్లార్చి పట్టాలి, చేతులు జాగ్రత్త, అది రెండొందల డిగ్రీలు అని నాలుగుసార్లు చెప్పాను. పాపం ఆపరేటర్ కుర్రాడు శ్రద్ధగా చేశాడు. సీసాల మీద 'ముందు', 'వెనక' అని పసుపు రంగు పెయింటుతో రాసి మరీ పంపాడు.

ల్యాబ్ అమ్మాయి సిరంజితో ఒక్క చుక్క తీసి, తూచి, మిషన్లో వేసింది. రోజూ మందుల పొడుల్లో తేమ చూసే అమ్మాయికి ఈ నల్లటి జిగట వింతగా ఉంది. డిస్‌ప్లేలో అంకె మెల్లిగా పైకి పాకుతోంది. 'ముందు': 1.3 శాతం దగ్గర ఆగింది. 'వెనక': 1.3 దాటింది. 2 దాటింది. నేను కుర్చీలోంచి లేచాను. 3.2. ఒరేయ్, ఫైనలియర్ రిజల్ట్స్ రోజు తర్వాత అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. పాపం ఆ అమ్మాయి సిరంజి కింద పడేసుకుంది.

నాలుగో రోజు ప్లాంటు ఆపి ఎక్స్ఛేంజర్ విప్పారు. ఒక ట్యూబులో బెజ్జం. దానికి రెండు వైపులా బిరడాలు కొట్టి మూసేశారు. మర్నాటికి గ్యాస్ లిమిట్ లోపలికి వచ్చింది. మా పెద్దాయన అందరి ముందూ నా భుజం తట్టాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది.

ఆ సీసా మూత తీసినప్పుడు వాసన వచ్చింది రా. మాడిన పంచదార వాసన. మీ కొట్టు వెనక, నువ్వు టెన్త్‌లో పాకం మాడ్చి తన్నులు తిన్న రోజు వాసన, అచ్చం అదే. రంగు కాఫీ డికాషన్. గ్లైకాల్ మాడితే వచ్చే వాసనే అది, పుస్తకాల్లో కూడా అలాగే రాస్తారు. ల్యాబ్‌లోనే పీహెచ్ చూపించాను, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. 7 నుంచి 8.5 మధ్య ఉండాల్సింది 5.4 ఉంది. మాడిన గ్లైకాల్‌లోంచి ఆమ్లాలు పుట్టి ఇనుముని తినేశాయి. బెజ్జం ఊరికే పడలేదు.

మరి ఎందుకు మాడింది? రికార్డులు తెప్పించి ఇంట్లో కూర్చుని తిప్పాను. మార్చిలో ఒకరోజు గ్యాస్ కొంచెం తడిగా ఉందని వాళ్ళు ఫోన్ చేశారు. అప్పుడు నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్లో రైలు మారుతున్నాను, జనం తోసుకుంటున్నారు. "గ్లైకాల్ సర్క్యులేషన్ పెంచండి, చూద్దాం" అనేసి రైలెక్కాను. ఒక్క వాక్యం. వాళ్ళు పెంచారు. అంత గ్లైకాల్‌ని కాచలేక రీబాయిలర్ 196కి పడిపోయింది. నీళ్ళు ఇంకా ఎక్కువ మిగిలాయి. అప్పుడు బర్నర్ మంట పెంచారు. థర్మామీటర్ 204 చూపించింది కానీ, మంట గొట్టానికి ఆనుకుని ఉన్న పొర ఎంత కాగిందో దానికేం తెలుసు? అడుగంటిన పాకం పై నుంచి చూస్తే బాగానే ఉంటుంది కదా. నేను మళ్ళీ ఫోన్ చేసి తగ్గించమని చెప్పనే లేదు. మర్చిపోయాను. ఐదు నెలలు అలాగే నడిచింది.

ఆ ట్యూబు పాతదే, తుప్పు ముందే ఉండి ఉండొచ్చు, ఐదు నెలల్లోనే అంత... అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ నీకు రాస్తుంటే ఆ మాట నిలబడట్లేదు. రిపోర్టులో 'అధిక సర్క్యులేషన్ వల్ల' అని రాశాను. ఎవరు పెంచమన్నారో రాయలేదు. భుజం తట్టించుకుని వచ్చాను. రేపు సోమవారం ఆ రిపోర్టు మీద సంతకం పెట్టాలి. పెద్దాయనకి ముందే చెప్పేద్దామా అని... నువ్వైతే ఏం చేస్తావ్? టెన్త్‌లో పాకం మాడ్చింది నువ్వేనని మీ నాన్నగారికి నువ్వే చెప్పావు కదా, నేను కుర్రాడి మీదకి తోసెయ్యమన్నా వినలేదు.

ఆ మాడిన గ్లైకాల్ ఇంకా అందులోనే తిరుగుతోంది. పీహెచ్ పెంచడానికి అమీన్ అని ఆమ్లాన్ని విరిచే రసాయనం కొంచెం కొంచెంగా కలపమన్నాను, ఒక్కసారిగా పోస్తే అడుగున ఉన్న మడ్డంతా లేచి నిజంగానే ఫోమింగ్ అవుతుంది, అప్పుడు పెద్దాయన మాటే నిజమై... ఈసారి రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాను, పొద్దున ఒకసారి, సాయంత్రం

కింద నుంచి ఆ కుర్రాడు హారన్ కొడుతున్నాడు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. వాడి సంచిలో అమ్మ పంపిన గోంగూర పచ్చడి ఉంది. సీసా కొత్తదే, గ్లైకాల్ సీసా కాదు, ఒట్టు.

నీ
మురళి