ఎర్రమట్టి దిబ్బల నడకకు ముందు తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళుతున్నాం. ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి ఎండ ముదురుతుంది కాబట్టి మార్చి మొదటి వారంలోనే పెట్టుకున్నాం. ఉదయం 5:45కు బస్సు బడి గేటు దగ్గర బయలుదేరుతుంది. తొమ్మిదిన్నరకల్లా నడక ముగించి నీడకు చేరుకుంటాం.

ఆ దిబ్బలను మన పిల్లల్లో చాలామంది బీచ్ రోడ్డు మీద వెళుతూ కిటికీలోంచి చూసినవారే. లోపలికి నడిస్తే అది వేరే లోకం. మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా 100 మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసిందని, రేణువులకు పట్టిన ఇనుము తుప్పే ఆ ఎరుపని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. తరువాత వాననీరు ఆ ఇసుకను కోసుకుంటూ పోయి లోతైన గెడ్డలు చేసింది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు మన ఊరి పక్కనే ఉంది. పిల్లలు దాన్ని కాళ్ళతో తెలుసుకోవాలని నా కోరిక.

పోయిన నెల దారి చూసుకోవడానికి నేను, సైన్సు టీచరు గైడుతో కలిసి వెళ్ళాం. ఒక మలుపులో గట్టు విరిగి, జీడిమామిడి చెట్టు వేళ్ళు సగం గాలిలో వేలాడుతున్నాయి. గైడు మమ్మల్ని కూర్చోబెట్టి ఇసుక మీద అరచేయి పెట్టమన్నారు. చురుక్కుమంది. అక్కడే జానెడు లోతు తవ్వి మళ్ళీ పెట్టమంటే చల్లగా, కాస్త తడిగా తగిలింది. ఎండాకాలంలో ఆ చెట్టు ఎలా బతుకుతోందో అప్పుడు అర్థమైంది. ఆ గట్లు మెత్తని ఇసుక. వాటిని ఎక్కడం గానీ, కింద గూడులా తవ్వడం గానీ ఎవరూ చేయకూడదని ఇంట్లో కూడా ఒకసారి చెప్పండి. పిడికెడు మట్టి కూడా ఇంటికి తేకూడదు.

ఇక నాకు నిజంగా బెంగగా ఉన్నది ఉక్క గురించి. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రపు తేమ గాలిలో అది త్వరగా ఆరదు. అందుకే ఎండ మరీ ఎక్కువ అనిపించకపోయినా పిల్లలు సొమ్మసిల్లుతారు. రెండేళ్ళ క్రితం ఇలాంటి నడకలోనే ఒక అమ్మాయికి తల తిరిగింది. వెనకబడితే అందరూ నవ్వుతారని చాలాసేపు చెప్పలేదట. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, ఓఆర్ఎస్ తాగించాక తేరుకుంది. ఆమె చేయి పట్టుకుని కూర్చున్న ఆ అరగంట నేను మరచిపోలేదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది మొదలైనా వెంటనే పక్కనున్న టీచరుకు చెప్పాలని మీ మాటగా చెప్పండి. మీరు చెబితే వింటారు.

ఖాళీ కడుపుతో పంపకండి, రెండు ఇడ్లీలైనా తినిపించండి. పొడుగు చేతుల నూలు చొక్కా, టోపీ, బూట్లు, రెండు లీటర్ల నీళ్ళు ఉండాలి. ఉప్పు మజ్జిగ మేమే తెస్తాం.

అంగీకార పత్రం గురువారంలోగా అందాలి. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, రోజూ వేసుకునే మందులు ఏవి ఉన్నా దాచకుండా రాయండి. ఆ కారణంతో ఏ బిడ్డనూ ఆపేయం. పక్కన నడిచే టీచరుకు ముందే తెలిసి ఉంటే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు